మోటారు సైకిల్‌కు కారు టైరు ఎందుకు?



గత వర్షాకాలంలో ఒక సాయంత్రం మన ఆసుపత్రి ఎమర్జెన్సీ గదికి ఒక తల్లినీ కొడుకునూ ఆటోలో తీసుకువచ్చారు. కుర్రవాడికి ఇరవై మూడేళ్ళు ఉంటాయి. ఎడమ వైపు కాలర్ ఎముక విరిగింది, మోచేయి నుంచి అరచేతి దాకా చర్మం లేచిపోయింది. తల్లి పరిస్థితి ఇంకా కష్టం. కుడికాలి చీలమండ దగ్గర ఎముక విరిగి బయటకు కనబడుతోంది, మడమ మీద చర్మం ఊడి వేలాడుతోంది. చీర అంచు సగం చిరిగి నల్లటి గ్రీజు పట్టి ఉంది. కరప వైపు నుంచి కాలువ గట్టు రోడ్డు మీద వస్తున్నారట. మలుపులో ఎదురుగా ట్రాక్టరు కనబడింది. "ఏమైంది బాబూ, స్పీడుగా వచ్చావా?" అని అడిగితే, "లేదండీ, ముప్పై, నలబైలో ఉన్నానండి. పక్కకి తిప్పానండి, బండి తిరగలేదండి" అన్నాడు.

బండి తిరగలేదు అనే మాట మాకు కొత్తగా అనిపించింది. జారింది అంటారు, బ్రేకు పడలేదు అంటారు, కుక్క అడ్డం వచ్చింది అంటారు. తిరగలేదు అని ఎవరూ అనరు. మర్నాడు అతని మేనమామ వరండాలో కూర్చుని అసలు సంగతి చెప్పాడు. మూడు వారాల క్రితం ఆ బరువైన మోటారు సైకిల్ వెనుక చక్రానికి ఒక పాత కారు టైరు ఎక్కించారట. "ఆయ్, నేను అప్పుడే అన్నానండి, ఇదేంట్రా అని. వెడల్పుగా బాగుంటది మామయ్యా, అరగదు కూడా అన్నాడండి" అని చెప్పాడు.

ఆ మాట విన్నాక మేము మన ఆసుపత్రి ఆవరణలో నిలిపి ఉన్న బళ్ళను కొంచెం శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాము. కారు టైరు వేసినవి చాలా తక్కువ. కానీ కంపెనీ చెప్పిన కొలత కంటే వెడల్పు టైరు వేసినవి, గీతలు మొత్తం అరిగి గుండు అయిపోయినవి, రీబటన్ చేయించినవి మాత్రం తక్కువేమీ కాదు. ఇవన్నీ ఒకే ఆలోచన నుంచి పుట్టినవి. టైరు అంటే నల్లటి రబ్బరు చక్రమే కదా, చుట్టూ పట్టి గాలి నిలిస్తే చాలు అనే ఆలోచన. ఆ ఆలోచన తప్పు అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఎదుటివారి వాదన న్యాయంగా చెప్పుకుందాము. మోటారు సైకిల్‌కు కారు టైరు వేయడం మన కాకినాడ కుర్రవాళ్ళు కనిపెట్టినది కాదు. అమెరికాలో హోండా గోల్డ్ వింగ్ వంటి పెద్ద బరువైన మోటారు సైకిళ్ళు నడిపేవారిలో కొందరు చాలా ఏళ్ళుగా వెనుక చక్రానికి కారు టైరు వేసుకుంటున్నారు. వారు చెప్పే కారణాలు కూడా మన మేనల్లుడు చెప్పినవే. మోటారు సైకిల్ టైరు త్వరగా అరిగిపోతుంది, ఖరీదు ఎక్కువ, కారు టైరు ఎన్నో రెట్లు మన్నుతుంది, సూటిగా పోతున్నప్పుడు బ్రేకు వేస్తే గట్టిగా పట్టుకుంటుంది. వీరు అబద్ధం చెబుతున్నారని మేము అనము. అలా వేసుకుని వేలాది కిలోమీటర్లు పడకుండా తిరిగినవారు ఉన్నారు. అయితే వారి బండి వెనుక టైరు మొదటి నుంచీ 180 మిల్లీమీటర్ల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము, చువ్వలు లేని గట్టి చక్రం. వారి ప్రయాణం ఎక్కువగా వెడల్పైన, సూటిగా సాగే రహదారుల మీద. అయినా టైర్లు తయారుచేసే పెద్ద కంపెనీలు ఆ పని చేయవద్దనే హెచ్చరిస్తున్నాయి. మన బండికి చువ్వల చక్రం, లోపల ట్యూబు, వెనుక ఇద్దరు ముగ్గురు మనుషులు, కింద కాలువ గట్టు. ఈ రెండూ ఒకటి కావు.

ఎందుకు కావో అర్థం కావాలంటే పెద్ద చదువు అవసరం లేదు. రేవులో పంటు చూసినవారికి తెలుసు, దాని అడుగు బల్లపరుపుగా ఉంటుంది. కార్లు, మోటారు సైకిళ్ళు ఎక్కించినా ఒక పక్కకు ఒరగకుండా నిలవాలి కాబట్టి అలా కడతారు. కారు టైరు కూడా అంతే. కారు మలుపు తిరిగేటప్పుడు ఒరగదు, నాలుగు చక్రాల మీద నిటారుగానే తిరుగుతుంది. అందుకే దాని టైరు నేలను తాకే భాగం బల్లపరుపుగా, అంచులు పలకగా ఉంటాయి. మోటారు సైకిల్ అలా కాదు. అది ఒరిగితేనే తిరుగుతుంది. అందుకని దాని టైరును అడ్డంగా కోసి చూస్తే కొబ్బరి చిప్పలాగా గుండ్రంగా ఉంటుంది. బండి ఎంత ఒరిగినా నేలను తాకే రబ్బరు దాదాపు అంతే ఉండాలని ఆ గుండ్రం.

ఎంత ఒరుగుతుంది అనేదానికి లెక్క ఉంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరగాలంటే బండి దాదాపు 20 డిగ్రీలు ఒరగాలి. అదే మలుపులో 40 కిలోమీటర్లు ఉంటే 32 డిగ్రీలు కావాలి. పది కిలోమీటర్లు పెరిగినందుకు ఒరుగుడు ఒకటిన్నర రెట్లు పైగా పెరిగింది. మన కాలువ గట్ల మీద అంతకంటే బిగుతైన మలుపులు ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు వెనుక పలక టైరు ఉందనుకోండి. బండి ఒరిగేసరికి టైరు తన అంచు మీద లేస్తుంది. నేలను తాకే రబ్బరు కొద్దిపాటి అంచుకు తగ్గిపోతుంది. అంతేకాదు, ఆ పలక అంచు బండిని మళ్ళీ నిటారుగా నెడుతుంది. నడిపేవాడు హ్యాండిల్‌ను బలంగా నొక్కి పట్టుకుంటే తప్ప ఒరగదు. మామూలు రోజుల్లో అలవాటు మీద నెట్టుకొస్తాడు. ఎదురుగా ట్రాక్టరు వచ్చిన క్షణంలో, మనిషి కంగారులో ఉన్నప్పుడు, బండి అడిగినంత బలం ఇవ్వలేకపోతాడు. అప్పుడు బండి సూటిగా పోతుంది. ఆ కుర్రవాడు "తిరగలేదండి" అన్నది అక్షరాలా నిజం.

ఇంకొక సంగతి రోడ్డు అంచు. మన గట్టు రోడ్లకు తారు ఒక ఎత్తులో, పక్క మట్టి ఇంకొక ఎత్తులో ఉంటాయి. గుండ్రటి సన్నటి టైరు ఆ అంచును దాటేస్తుంది. వెడల్పు పలక టైరుకు ఒక పక్క తారు మీద, ఒక పక్క మట్టి మీద పడితే బండిని ఆ పల్లం వైపే లాగుతుంది. తాళ్ళరేవు, కాజులూరు వైపు నుంచి వచ్చేవారికి ఆ పల్లం పక్కనే ఏముందో చెప్పనక్కర లేదు. నీళ్ళు.

ఇక బరువు. ప్రతి టైరు పక్కన కొలతల తరువాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 110/90-18 61పి అని ఉంటే 61 అన్నది ఆ టైరు మోయగల బరువుకు గుర్తు, అంటే 257 కిలోలు. పి అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా ఓర్చుకుంటుందని. చిన్న కార్ల టైర్లలో 82 అని ఉండేవి చాలా ఉంటాయి, అంటే 475 కిలోలు. ఎక్కువ మోయగలది మంచిదే కదా అని అనుకోవచ్చు. కాదు. అంత బరువు మీద పడితే కొద్దిగా అణిగి నేలను పట్టుకునేలా దాన్ని మందంగా, బిరుసుగా చేస్తారు. మోటారు సైకిల్ వెనుక చక్రం మీద ఇద్దరు కూర్చున్నా అందులో సగం బరువు కూడా పడదు. టైరు అణగదు, వేడెక్కదు. వాన నీటి మీద వెడల్పాటి టైరు, తక్కువ బరువు కలిస్తే నీటిని చీల్చుకుని కిందకు దిగదు, పైపైన తేలుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో జగన్నాథపురం వంతెన దగ్గరో, ఉప్పాడ బీచ్ రోడ్డులో అలలు ఎగదోసిన ఇసుక మీదో ఇది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

రిమ్ము సంగతి మెకానిక్ సోదరులకు ప్రత్యేకంగా చెప్పాలి. అంగుళాల లెక్క ఒకటే అయినా కారు రిమ్ములో టైరు అంచు కూర్చునే గాడి వేరు, మోటారు సైకిల్ రిమ్ములోది వేరు. టైరు అంచులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది. అది సరిగా కూర్చోనప్పుడు "ఇంకొంచెం గాలి కొట్టు" అంటారు. ఆ ఇంకొంచెంలో తీగ తెగితే టైరు బాంబులాగా పేలుతుంది. అప్పుడు ముందు వంగి చూస్తున్నవాడి ముఖం, కళ్ళు, వేళ్ళు పోతాయి. ఆ మెకానిక్‌కు కూడా ఇంటి దగ్గర పిల్లలు ఉన్నారు. ట్యూబు వేసే చక్రాలలో అయితే కొలత కుదరని ట్యూబు లోపల మడత పడి, రాసుకుని, ఒక రోజు ఒక్కసారిగా గాలి దిగిపోతుంది. నెమ్మదిగా దిగే పంక్చరు వేరు, ఇది వేరు.

ఇవన్నీ నడిపేవాడి బాధలు. మేము ఈ విషయం రాయాలని నిశ్చయించుకున్నది మాత్రం ఆ తల్లి కాలు చూసి.

వెడల్పు టైరు ఎక్కించాలంటే చోటు కావాలి. చోటు కోసం మొదట తీసేది ఏమిటో తెలుసా? శారీ గార్డు. తరువాత చైను కవరు, కొన్నిసార్లు వెనుక మడ్‌గార్డు కూడా. "అది ఉంటే బండి ముసలివాళ్ళ బండిలా ఉంటది" అని టైరు మార్చకుండానే తీసేసేవారు కూడా ఉన్నారు. ఆ ఇనుప జాలీ అందం కోసం పెట్టినది కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 123వ నిబంధన ప్రకారం మోటారు సైకిల్ వెనుక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి. బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ కూడా ఉండాలి. చట్టం రాసినవారికి మన అమ్మలు, అక్కలు ఎలా కూర్చుంటారో తెలుసు. ఒక పక్కకు, చీరతో, ఒడిలో బిడ్డతో.

చీర కొంగు గానీ, చున్నీ గానీ తిరిగే చక్రంలో చిక్కితే అది వదలదు. గుడ్డను క్షణంలో లోపలికి చుట్టేసుకుంటుంది, మనిషిని వెనక్కి గుంజి పడేస్తుంది. చున్నీ మెడ చుట్టూ ఉంటే మెడ ఎముక మీదకే వస్తుంది. పిల్లల సంగతి ఇంకొకటి. ట్యాంకు మీద ఒకరు, తల్లిదండ్రుల మధ్య ఒకరు కూర్చుంటారు. మధ్యలో ఉన్న బిడ్డ కాళ్ళు ఫుట్‌రెస్టుకు అందవు, వేలాడుతూ ఉంటాయి. గార్డు లేకపోతే ఆ చిన్న పాదం చువ్వల మధ్యకు వెళుతుంది. మడమ వెనుక చర్మం, కొన్నిసార్లు దాని కింద ఉన్న నరం కూడా నలిగిపోతాయి. పైకి చిన్న గాయంలా కనబడి, రెండు మూడు రోజులకు చర్మం నల్లబడి, తొడ నుంచి చర్మం తీసి అతికించే దాకా వస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్ల నెలరోజులు బడి మానేస్తుంది. ఆదివారం గుడికి నలుగురు ఒకే బండి మీద వచ్చే కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఆటోకు ఇచ్చే డబ్బులు లేకనే అలా వస్తారని మాకు తెలుసు, తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. కనీసం ఆ జాలీ తీయకండి. తీసి ఉంటే ఈ వారమే మళ్ళీ వేయించండి. కొత్త టైరు ఖరీదు ముందు దాని ఖరీదు ఏ పాటిది?

ఈ తల్లి విషయంలో జరిగింది అదే. బండి గట్టు దిగుతున్నప్పుడు చీర అంచు చక్రంలోకి పోయింది, దానితోపాటు కాలు పోయింది. ఆమెకు మూడు ఆపరేషన్లు అయ్యాయి. కాలు నిలిచింది, అయితే ఇప్పటికీ చేతికర్ర లేకుండా గడప దాటలేదు. ఆమె చేపల వ్యాపారం చేసే మనిషి, తెల్లవారుజామున లేచి రేవుకు వెళ్ళి గంపతో తిరిగే మనిషి. ఇంట్లో వచ్చే రాబడిలో సగం ఆమెదే. కొడుకు ఒకటి రెండుసార్లు మా దగ్గర కూర్చుని ఏడ్చాడు. అతనికి మేము ఏమీ చెప్పలేదు.

చట్టం ఏమంటుందని చాలామంది అడుగుతారు. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ప్రకారం బండి తయారీదారు ఇచ్చిన వివరాలు, రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయవచ్చునని 182ఎ సెక్షన్‌లో చేరింది. టైర్లకు సంబంధించి 2009లో కేంద్రం ఒక నాణ్యతా ఉత్తర్వు ఇచ్చింది, అది 2011 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. ఆ గుర్తు దగ్గర ఉండే అంకె చూడండి. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు ఐఎస్ 15627, కార్ల టైర్లకు ఐఎస్ 15633. రెండింటికీ ఒకే పరీక్షలు సరిపోతే రెండు అంకెలు ఎందుకు పెడతారు? ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి బండిని చూస్తాడు. వెనుక కారు టైరు కనబడితే అడిగే మొదటి ప్రశ్న ఏమిటో, దానికి మన దగ్గర జవాబు ఉందో లేదో ముందే ఆలోచించుకోవాలి. 125 సి.సి. దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ బ్రేకు తప్పనిసరి అయింది. అది చక్రం తిరిగే వేగాన్ని కొలిచి పనిచేసే బ్రేకు. చక్రం చుట్టుకొలత మారితే దాని లెక్క కూడా తప్పుతుంది.

అయితే చట్టం పేరు చెప్పి భయపెట్టడం మా ఉద్దేశం కాదు. ఎవరికైనా మూడు నాలుగు వేలు పెట్టి టైరు కొనడం కష్టమే. పాత కారు టైరు నాలుగైదు వందలకు దొరుకుతుంది. టీవీఎస్ మీద రెండు ఐసు పెట్టెలు కట్టుకుని పల్లెలు తిరిగే అన్న, పాలు పోసే తమ్ముడు, వాళ్ళకు టైరు అంటే బియ్యం ఖర్చులో కోత. అందుకే మేము టైరు కొనమని చెప్పి ఊరుకోము. ఉన్న టైరు ఎక్కువ రోజులు మన్నాలంటే చేయవలసినది ఒకటే, గాలి. వారానికి ఒకసారి, బండి నడపక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోవాలి. ఎంత ఉండాలో బండి మీద అతికించిన కాగితం మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఒక లెక్క ఉంటుంది. గాలి తక్కువైతే టైరు పక్కలు నలిగి త్వరగా పోతుంది, ఎక్కువైతే నడుమ అరుగుతుంది. కారు టైరు మన్నుతుందని వేసుకున్నవారిలో ఎంతమంది అంతకు ముందు సరిగా గాలి చూపించుకున్నారో మాకు అనుమానమే.

అరిగిన టైరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాము, ఎందుకంటే మన దగ్గరకు వచ్చే కేసుల్లో కారు టైరు కంటే ఇదే ఎక్కువ. గీతల లోతు ద్విచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన. స్కేలు అక్కర లేదు, గీతల అడుగున అక్కడక్కడ చిన్న గట్టు ఉంటుంది. రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానం అయిందంటే మార్చవలసిన సమయం వచ్చినట్టే. ఇంకొకటి, టైరు పక్కన నాలుగు అంకెలు విడిగా ఉంటాయి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అరగకపోయినా పాతబడిన రబ్బరు బీటలు వారుతుంది. సెకండ్ హ్యాండ్ టైరు కొనే ముందు ఆ అంకె చదవండి. ఇక రీబటన్. లారీ వెనుక చక్రాలకు, ట్రాలీలకు మంచి చోట చేయించినది పనికి వస్తుందేమో గాని, రెండే చక్రాల మీద నడిచే బండికి ఒక చక్రం తోలు ఊడితే మిగిలిన ఒక్క చక్రం మనిషిని నిలబెట్టలేదు.

మన డెల్టా రోడ్ల మీద మంచి టైరు కూడా జారే రోజులు ఉంటాయి. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద బ్రేకు వేస్తే గోళీల మీద నడిచినట్టే. ట్రాక్టరు చక్రాలు మోసుకొచ్చిన బంకమన్ను మీద మొదటి చినుకులు పడినప్పుడు, రొయ్యల లారీల నుంచి కారిన నీరు ఉన్నచోట, వేగం తగ్గించడం తప్ప వేరే మార్గం లేదు. ధాన్యం ఆరబోసే రైతు సోదరులు మలుపుల దగ్గర మాత్రం ఆరబోయకుండా ఉంటే మేలు. డిసెంబరులో రాత్రిళ్ళు క్యారల్స్‌కు బళ్ళ మీద తిరిగే యౌవనస్థులకు కూడా ఇదే మాట.

మన పాఠకులలో కొందరు పోలియో వల్లనో, కాలు కోల్పోయినందువల్లనో పక్క చక్రాలు బిగించిన స్కూటర్లు వాడుతున్నారు. వారికి ఈ వ్యాసం చదివి అనుమానం రావచ్చు. ఆ బండి ఒరగదు కాబట్టి దాని లెక్క వేరు. సైడ్‌కారు తగిలించిన మోటారు సైకిళ్ళలో కొన్నిటికి బల్లపరుపు టైరు వాడటం కూడా అందుకే. వికలాంగుల కోసం చేసే మార్పుకు చట్టం దారి ఇచ్చింది, రవాణా శాఖ వారి దగ్గర రాయించుకోవాలి. అయితే ఒరగని బండి మలుపులో బయటి వైపుకు తిరగబడుతుంది. మలుపు ముందే బాగా నెమ్మదించండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రమాదం జరిగితే ఏం చేయాలో క్లుప్తంగా చెబుతాము. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. చాలామందిని చంపినది తల దెబ్బ. హెల్మెట్ వెనుక కూర్చున్నవారికి కూడా కావాలి. పడినవారిని చూసినప్పుడు 108కి ఫోను చేయండి. మెడను అటూ ఇటూ తిప్పకండి. ఎముక బయటకు వచ్చిన గాయం మీద పసుపు, కాఫీ పొడి, కిరోసిను ఏమీ వేయవద్దు. ఎముకను లోపలికి నెట్టవద్దు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, రక్తం కారుతుంటే చేత్తో గట్టిగా అదిమి పట్టి, కాలు కదలకుండా ఒక చెక్కకు వదులుగా కట్టి తీసుకురండి. ఇటువంటి గాయానికి మొదటి గంటల్లో కడగడం, యాంటీబయాటిక్ పడటం చాలా ముఖ్యం. నాటు కట్టు బిగించి రెండు రోజుల తరువాత వస్తే వేళ్ళు నల్లబడి ఉంటాయి, అప్పుడు కాలు నిలపడం మా చేతుల్లో ఉండదు. సహాయం చేసినవారిని కేసులో ఇరికిస్తారనే భయం వద్దు. 2019 సవరణలో చేర్చిన 134ఎ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది. 2025 మే 5న కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు రోజుల దాకా, లక్షా యాభై వేల రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం అందించే ఏర్పాటు కూడా వచ్చింది. అడ్మిషన్ సమయంలో ఆ సంగతి అడగడం మరచిపోవద్దు.

ఆ కుర్రవాడు మొన్న తల్లిని చూపించడానికి తీసుకువచ్చాడు, ఆటోలో. బండికి కంపెనీ కొలత టైరు, శారీ గార్డు వేయించానని తనంతట తానే చెప్పాడు. "మరి ఆ కారు టైరు ఏం చేశావు బాబూ?" అని మా నర్సమ్మ అడిగింది. పెరట్లో నూతి పక్కన పడేశానన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. పాత టైరు లోపల నిలిచిన గుక్కెడు వాన నీరు చాలు, డెంగ్యూ దోమ గుడ్లు పెట్టడానికి. వారం, పది రోజుల్లో పిల్ల దోమలు లేస్తాయి. మీ ఇంటి దగ్గర కూడా అటువంటివి ఉంటే నీరు ఒలకబోసి, కింద పక్క మూడు నాలుగు చిల్లులు పెట్టండి, లేదా నీడపట్టున వాన తగలని చోట ఉంచండి, లేదా పాత సామాను కొనేవారికి ఇచ్చేయండి. అతను సాయంత్రమే ఇచ్చేస్తానని చెప్పి వెళ్ళాడు.